నెత్తిమీద చప్పుడు

బల్ల మీద కంచాలు సర్దుతున్న పెద్దకోడలికి గుండె గుభేలుమంది: ఇంట్లో ఒక మనిషి ఎక్కువున్నాడు.

మళ్లీ లెక్కపెట్టింది. కంచాలు పద్నాలుగు. తలలు పదిహేను.

ఆ పదిహేనో తల నెరిసిన మీసాలతో, పిల్లల మధ్య కూర్చుని, తాపీగా బత్తాయిలు ఒలిచి పంచుతోంది.

భర్తను పక్కకు లాగింది.

“ఏవండీ, ఆ మీసాలాయన ఎవరు?”

“అదేంటి, మీ బాబాయి కాదూ? ఇందాకట్నుంచీ మావయ్యగారూ, మావయ్యగారూ అని ఆయన వెనకే తిరుగుతున్నాను.”

“మా బాబాయి పోయి రెండేళ్లయింది. దినానికి మీరూ వచ్చారు.”

“అదే, మనిషి కాస్త తేరుకున్నాడే అనుకున్నాను.”

లాభం లేదని ఆడపడుచు దగ్గరికి పరుగెత్తింది.

“మీ అత్తింటివైపు చుట్టమా ఆయన?”

“మా అత్తింటివాళ్లు పిలిస్తేనే రారు వదినా. పిలవకుండా వస్తారా?”

అత్తగారి పుట్టింటివాడే అయితే కన్నకొడుకు ఎరగడా? అంటే, దొంగే. ఆ దొంగను పొద్దుటినుంచి వంటింట్లో కూర్చోబెట్టింది తనే.

అత్తగారు ఏళ్లతరబడి ఏలిన వంటిల్లు అది. పండగ కూర కలిపే గరిటె ఈ ఏడే మొదటిసారి కోడలి చేతికొచ్చింది. అదీ షరతు మీద.

“నా చేతిలో ఒక్క ఏడూ కూర అడుగంటలేదు. నీ చేతిలో అంటిందా, గరిటె మళ్లీ నాదే.”

పొద్దున అంటబోయింది కూడా. చుట్టాలు దిగడం, సంచులు అందుకోవడం, పలకరింపులు. ఆ సందడిలో పొయ్యి మీది గిన్నె సంగతే మరిచిపోయింది. గుర్తొచ్చి వంటింట్లోకి ఉరికేసరికి ఈ మీసాలాయన అప్పటికే మంట తగ్గించి, కూర కలుపుతున్నాడు.

“గండం గడిచింది తల్లీ. వేయించిన ఉల్లిపాయలు ఇప్పుడే వెయ్యి. ఇంకాస్త ఆగితే పెద్దావిడ వంట వాసన రాదు.”

ఆ కిటుకు అత్తగారు కన్నకూతురికే చెప్పలేదు. ఆవిడ పుట్టింటి మనిషికి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? అలా అనుకునే కోడలు ఆయనకు కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది, ఊరికే కూర్చున్నాడు కదా అని బంగాళదుంపల బుట్ట కూడా ముందు పెట్టింది. ఆయన మారుమాట లేకుండా చెక్కు తీశాడు.

ఇప్పుడు అత్తగారిని అడిగితే మనిషెవరో తేలిపోతుంది. కానీ అడిగితే గిన్నె సంగతీ బయటపడుతుంది.

కక్కలేక మింగలేక, పదిహేనో కంచం తెచ్చి పెట్టింది.

అందరూ కూర్చున్నారు. అత్తగారు కూర నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. పిల్లలతో సహా అంతా ఊపిరి బిగబట్టారు.

“నా చేతి కూరే,” అంది అత్తగారు.

కోడలికి ప్రాణం లేచొచ్చింది.

కూర రుచికి అత్తగారికి హుషారొచ్చింది.

“అన్నట్టు, పైవాటా కర్రసామువాడు ఈపూట చప్పుడు చేయలేదు, గమనించారా? ఏటా పండగపూట మనం నలుగురం నవ్వుకుంటే చాలు, వాడికి కడుపుమంట. నెత్తిమీద టకటకా కర్రతో కొట్టేవాడు. నేనేమన్నా ఊరుకునేదాన్నా? వంటింటి కిటికీ దగ్గరికెళ్లి నాలుగు దులిపి, పనిలో పనిగా కూర ఓ తిప్పు తిప్పి వచ్చేదాన్ని. చివరికి ఓనరు చెవిలో ఇల్లు కట్టుకుని మరీ ఖాళీ చేయించాను. రేపే పోతున్నాడు. పీడ విరగడైంది.”

“మనిషెలా ఉంటాడమ్మా?” ఆడపడుచు అడిగింది.

“ఎవరు చూశారు? రాత్రి డ్యూటీ, వెనక మెట్లు. మొహం చూస్తే పండగ పాడవుతుందని నేనూ చూడలేదు.”

మీసాలాయన ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

అత్తగారు అది చూసింది. “ఏం బాబూ, కారమా? ఇంతకీ నువ్వు మా కోడలివైపా?”

“కాదు,” అన్నాడు కొడుకు.

“మావైపూ కాదు,” అంది కూతురు.

ఇంటల్లుడు చేతికందిన గరిటె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. దొంగను పట్టాలన్న సరదా ఆయనకు చిన్నప్పటినుంచీ ఉంది.

“జేబులు చూడండి,” అన్నారెవరో.

మీసాలాయన తలెత్తలేదు. ఆ వంగిన తల చూసి కోడలు ఇక ఆగలేకపోయింది.

“చూడక్కర్లేదు. పొద్దున కూర అడుగంటబోతే ఆపింది ఈయనే అత్తయ్యా. నేను గిన్నె వదిలేసి వెళ్లాను. గరిటె మీరే తీసుకోండి.”

అత్తగారు కోడలినీ, ఆయననూ మార్చిమార్చి చూసింది.

“కాపాడావు సరే. ఎవరు నువ్వు? మా ఇంట్లో కూర మాడుతోందని నీకెలా తెలిసింది?”

ఆయన ముద్ద కంచంలో పెట్టేశాడు.

“మీ పైవాటాలో ఉండేది నేనేనమ్మగారూ. మీ వంటింటి కిటికీ మీదే నా కిటికీ. ఒక్కణ్ణే. నా పండగంతా ఆ కిటికీలోంచే. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నా మీ కూర వాసనకి మెలకువ వచ్చేస్తుంది. ఉల్లిపాయలు ఎప్పుడు పడతాయో కూడా ఆ వాసనే చెబుతుంది. అడుగంటేముందు వాసన మారుతుందమ్మా. మీరేమో కబుర్లలో పడి మరిచిపోతారు. ఏటా అంతే. కేకేస్తే వినపడదు, దిగొద్దామంటే పిలవని ఇల్లు. అందుకని కర్రతో కొట్టేవాణ్ణి. మీరు వంటింట్లోకొచ్చి, నన్ను తిట్టి, కూర కలిపేవారు. హమ్మయ్య అనుకుని మళ్లీ పడుకునేవాణ్ణి. నిన్న సామానుతోపాటు కర్ర కూడా మూటగట్టేశాను. పొద్దున వాసన మారింది. కొట్టడానికి ఏమీ దొరక్క, నేనే దిగొచ్చాను.”