మనుషులు లేని గుట్ట

సిరిసిల్లలో తెలంగాణ దీక్షా శిబిరం. బుర్హానుద్దీన్ మెడలో దండ వెయ్యబోతుంటే నేను అడ్డుపడ్డాను.

"అరవై తొమ్మిదిల మమ్ముల పోలీసులకు పట్టియ్య చూసినోడు ఈడ కూసుంటడా?"

అప్పట్లో బస్సు తగలబెట్టిన కేసులో ఆరుగురం వీర్నపల్లి గుట్ట మీద దాక్కున్నాం. బుర్హానుద్దీన్ రోజూ ఒక ఇంగ్లిషు చిత్రకారుణ్ణి సైకిల్ మీద తెచ్చి గుట్ట కింద దింపేవాడు. ఆ దొర వారం రోజులు మా వైపే చూస్తూ బొమ్మ వేశాడు. చివరి రోజు పోలీసులు ఆ బొమ్మను తిప్పి తిప్పి చూసి, ఆయనకు చాయ్ పోసి పంపించారని తెలిసి పారిపోయాం. ఆనాటి నుంచి బుర్హానుద్దీన్ ఇన్‌ఫార్మరని ఊరంతా చెప్పాను.

"నలబయ్యేండ్ల సంది గదే పాటనా? గింత సదువుకున్నవు, సిగ్గు లేదా?" అన్నాడు బుర్హానుద్దీన్.

"సాక్ష్యం తెచ్చిన."

లండన్‌లో అచ్చయిన ఆ దొర జీవిత చరిత్ర పొద్దున్నే పోస్టులో వచ్చింది. ఆ బొమ్మలో మేం ఆరుగురం ఉంటామన్న ధీమాతో అందరి ముందూ తెరిచాను. మా గుట్ట దొరికింది. మేం కూర్చున్న బండ ఉంది, మోదుగు చెట్టు ఉంది. మేం లేము.

బొమ్మ కింది మాటలు తెలుగు చేసి చదివాను: "మనిషి లేని ప్రకృతి అబద్ధమని నమ్మిన చిత్రకారుడు. ఆయన రెండు వందల చిత్రాల్లో మనుషులు లేనిది ఇదొక్కటే. కారణం ఎన్నడూ చెప్పలేదు."

పుస్తకం మూయబోయాను.

"ఇంకోపారి సదువు," అన్నాడు బుర్హానుద్దీన్. "మైకుల సదువు."