ఏమవుతారు?

“ఇక్కడ ఖాళీ వదిలేశావేం పెద్దాయనా?”

గుమాస్తా దరఖాస్తును తిప్పి బల్ల మీద పెట్టాడు. ‘క్రీడాకారిణికి మీరు ఏమవుతారు?’ అన్న గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

“ఏమీ కాను సార్.”

అది దివ్యాంగుల క్రీడలకు జాతీయ సంఘం ఆఫీసు. జాతీయ అన్న మాట బోర్డు మీద బారెడుంటుంది, లోపల ఉన్నవి రెండు గదులే. కిటికీ అవతల మైదానం. రోజూ పొద్దున్నే అక్కణ్ణుంచి ఒక కేక వినిపించేది.

“వచ్చెయ్... వచ్చెయ్... వచ్చెయ్...”

చూపులేని వాళ్ళ లాంగ్‌జంప్‌లో దారి చూపేది చప్పుడే. ఇసుక గుంట దగ్గర ఒకరు నిలబడి చప్పట్లు కొడతారు, ఆ చప్పుడు వైపు పరిగెత్తి ఎగరాలి. ఈ పెద్దాయన మాత్రం చప్పట్లు కొట్టడు, పిలుస్తాడు. ఆరేళ్ళుగా జీతం బత్తెం లేకుండా చూపులేని ఒక అమ్మాయిని ఈయనే పిలుస్తున్నాడు. మైదానంలో అందరికీ పిలుపాయన, ఆ అమ్మాయికి బాబాయ్. అసలు పేరు ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఇప్పుడా అమ్మాయి ప్రపంచ పోటీలకు ఎంపికైంది. సర్కారు గ్రాంటు పదకొండు మందికి వచ్చింది. ఆటగాళ్ళు ఐదుగురు, వాళ్ళ వెంట వెళ్ళే అధికారులు ఐదుగురు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా? మిగిలిన ఒక్క సీటూ అమ్మాయికి తోడుగా వెళ్ళేవాళ్ళది.

“కోచ్ సర్టిఫికెట్ ఉందా?”

“లేదు సార్.”

“అయితే రక్తసంబంధం ఉండాలి. రూలది. లేదంటే ఆ సీటు కార్యదర్శిగారి బావమరిదికి పోతుంది. చప్పట్లు ఎవరు కొడితే ఏంటి అంటున్నారాయన.”

పిలుపాయన మెడకు చుట్టుకున్న మఫ్లర్ సర్దుకున్నాడు.

“నేను లేకపోతే ఆ పిల్ల కదలదు సార్. పైగా నాకు గొంతు ఆపరేషన్ చెయ్యాలంటున్నారు. చేశాక మాట ఉండదట. ఈ ఒక్కసారికీ పంపించండి.”

గుమాస్తా చెడ్డవాడు కాదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఒక పని చెయ్. తండ్రి అని రాసెయ్. ఆ అమ్మాయికి ఎలాగూ ముందూ వెనకా ఎవరూ లేరు. ఆమె ఫైలు తిరగేసే ఓపిక ఇక్కడ ఎవడికుంది? ఒక్క ముక్క రాయి, మిగతాది నేను చూసుకుంటా.”

పిలుపాయన పెన్ను అందుకున్నాడు. గడి మీద ఆనించాడు. ఒక సిరా చుక్క పడింది, అంతే.

“ఆ మాట రాసే మొహం నాకు లేదు సార్.”

నిజాయితీ ముదిరితే ఇంతే అనుకున్నాడు గుమాస్తా. పిలుపాయన కింద సంతకం చేసి వెళ్ళిపోయాడు. సంతకమంటే ఒకే అక్షరం, దాని తోక గొడుగు పిడిలా వెనక్కి తిరిగి ఉంది.

ప్రయాణం రోజు అమ్మాయి ఆఫీసు మెట్ల మీదే ఆగిపోయింది.

“బాబాయ్ ఏడి సార్?”

గుమాస్తా ఆమె సంచి అందుకున్నాడు.

“నువ్వెళ్ళు తల్లీ. ఆయన వెనకాలే వస్తాడు.”

పోటీని ఆఫీసు టీవీలో చూశారు. బావమరిది చప్పట్లు బాగానే కొట్టాడు. అమ్మాయి గీత దగ్గర నిలబడి చెవి రిక్కించింది. మూడు అవకాశాలిచ్చారు. మూడుసార్లూ అడుగు కదల్లేదు.

ఆ సాయంత్రమే ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. పిలుపాయన ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. జేబులో దొరికింది ఆఫీసు నంబరొక్కటే.

శవాన్ని అప్పగించే కాగితం మీదా అదే ప్రశ్న. ‘మృతుడికి మీరు ఏమవుతారు?’

‘ఏమీ కాను’ అని రాశాడు గుమాస్తా.

ఆ మర్నాటి నుంచి కిటికీ మూసినా కేక వినిపించడం మొదలైంది. లేచి తెరిస్తే ఖాళీ మైదానం, ఎవరూ తొక్కని ఇసుక. భయమేసేది. పిచ్చి అనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చిన అమ్మాయికి విషయం తనే చెప్పాడు.

“అక్కడ అలా నిలబడిపోయావేం తల్లీ?”

“వెనకాలే వస్తాడని మీరేగా అన్నారు సార్. పిలుస్తాడేమోనని చూశాను.”

గుమాస్తా తల వంచుకున్నాడు.

“నా నాలుగో ఏట మా నాన్న నన్ను హాస్టల్ గేటు దగ్గర దింపి, ‘ఇక్కడే నిలబడమ్మా, ఇప్పుడే వస్తా’ అన్నాడు సార్. కదిలితే నాన్నకి కనపడనేమోనని చీకటిపడేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత కూడా నన్ను నిలబడమన్నవాళ్ళే అందరూ. వచ్చెయ్ అన్నది బాబాయ్ ఒక్కడే.”

ఆమె కర్ర తాటించుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కార్యదర్శి నుంచి చీటీ వచ్చింది. ఎగరని వాళ్ళకి గ్రాంటు దండగ, ఆ అమ్మాయి ఫైలు మూసెయ్యమని.

ఆమెను నిలబెట్టే కాగితం ఏదైనా దొరుకుతుందేమోనని, గుమాస్తా ఆ ఫైలును మొదటిసారి అడుగుదాకా తిరగేశాడు.

అన్నిటికంటే కింద, వయసు రుజువుగా జతచేసిన పదహారేళ్ళ నాటి హాస్టల్ దరఖాస్తు పసుపు రంగుకి తిరిగి ఉంది. ‘బిడ్డకు మీరు ఏమవుతారు?’ అన్న గడిలో ‘తండ్రి’ అని రాసి ఉంది, దాని కింద ఒకే ఒక్క అక్షరం, తోక గొడుగు పిడిలా వెనక్కి తిరిగి.