కుర్చీలో రుమాలు

నలభై ఏళ్ల కిందట రాయబారులు ఆరగించిన విందును రేపు అదే హాల్లో ఉన్నదున్నట్టు మళ్లీ వడ్డించాలి. అందుకోసం పేరుమోసిన వంటమాస్టరును పిలిపించారు. ఒక్క చెంచా పక్కకు జరిగినా ఉద్యోగం ఊడుతుందని బల్ల సర్దే అమ్మాయికి ముందే చెప్పేశారు.

అర్ధరాత్రి వేళ, ఆమె చివరి పళ్లెంలో మడిచిపెట్టిన రుమాలు కుర్చీలో కనిపించింది. మళ్లీ మడిచి పళ్లెంలో పెట్టింది. గ్లాసులు సర్ది వెనుదిరిగేసరికి అది మళ్లీ కుర్చీలోనే ఉంది.

“మాస్టారూ, ఈ రుమాలు మీరు తీశారా?”

“చేతులు పిండిలో ఉన్నాయి. నీతో దాగుడుమూతలకు తీరికెక్కడిదమ్మా?” అన్నాడాయన వంటగదిలోంచి. “అయినా రుమాలు కుర్చీలో ఉందంటే, లేచిన అతిథి మళ్లీ వస్తాడని లెక్క. ఆనాడు ఒకాయన అలాగే పెట్టి వెళ్లాడట. ఇప్పటిదాకా రాలేదు.”

ఉద్యోగం గుర్తొచ్చి ఆమె రుమాలు అందుకుంది. అది వెచ్చగా ఉంది. వెనక ఎవరో, కాస్త తప్పుకోమన్నట్టు, మర్యాదగా గొంతు సవరించుకున్నారు.