డార్లీన్ మూడో ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ గది గుమ్మంలో ప్రొఫెసర్ ఇంగ్రిడ్ చెయ్యి అడ్డం పెట్టి డార్లీన్‌ను ఆపింది.

"చేతిలో ఆ చీటీ ఏమిటి?"

డార్లీన్ చీటీ ఉన్న చెయ్యి ముందుకు చాచింది. ఇంగ్రిడ్ దానివైపు చూడనైనా చూడలేదు.

"చీటీలూ గీటీలూ ఇక్కడ చెల్లవు. జేబులో పెట్టెయ్. నాకేమీ చెప్పొద్దు, పరీక్ష ఇప్పుడే మొదలైందనుకో. నిన్న ఐస్ హాకీ ఆటలో నీ మేనకోడలు గోలు కొట్టినప్పుడు నువ్వు పెట్టిన కేకలు నాకు ఆ మంచు మైదానం రింకు అవతలి గేటు దాకా వినిపించాయి. అంత నోరూ ఇవాళ కట్టేసుకోవాలి. నీ వల్ల అవుతుందా అని నాకే గుబులుగా ఉంది."

డార్లీన్ చీటీ జేబులో పెట్టేసుకుంది.

ఆ గుబులు ఊరికే పుట్టింది కాదు. డార్లీన్ కెనడాలోని సాస్కటూన్‌లో ఇరవై ఆరేళ్లు వార్డు నర్సుగా చేసి, నలభై తొమ్మిదో ఏట నర్సింగులో డాక్టరేటుకు చేరిన మనిషి. లెక్కల పరీక్షలు గట్టెక్కింది. పరిశోధన వ్యాసాలు గట్టెక్కింది. తీరా రోగులను ఇంటర్వ్యూ చేయడం దగ్గరకొచ్చేసరికి బోల్తా పడింది, అదీ రెండుసార్లు. ఆ కోర్సులో నియమం ఒక్కటే. వంద మాటల్లో ఎనభై రోగివి కావాలి, నర్సువి ఇరవై దాటకూడదు. రికార్డింగు కంప్యూటర్లో వేసి మరీ లెక్కపెడతారు. మొదటిసారి డార్లీన్ వాటా డెబ్బై. రెండోసారి ఎనభై ఆరు. ఆ రోజు వచ్చిన ముసలావిడకు మాత్రలెలా వేసుకోవాలో చెప్పింది చాలక, బీట్‌రూట్ సూపు ఎలా కాచాలో కూడా వివరంగా చెప్పి పంపింది మహాతల్లి.

ఇది మూడోది, ఆఖరిది. తప్పితే మళ్లీ ఏడాది దాకా అవకాశం లేదు. ఆమె పరిశోధనకు ఒప్పుకున్న పద్దెనిమిది మందీ ఎనభై దాటిన వాళ్లే. వాళ్లను ఏడాది ఆగమని ఏ మొహంతో అడుగుతుంది?

తోటి విద్యార్థిని మోనిక్ అయితే పొద్దున్నే పందెం కాసింది. "అక్కా, అయిదు నిమిషాలు నోరు మూసుకున్నావంటే క్లాసందరికీ డోనట్లు నావి" అంది. డార్లీన్ దానికీ ఓ నవ్వు నవ్వి ఊరుకుంది.

గదిలో ఎదురు చూస్తున్న పెద్దాయన పేరు ఎమిల్. ఎనభై మూడేళ్ల గోధుమ రైతు. మూడు నెలల కిందట గుండె ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇంగ్రిడ్ ఇద్దరినీ పరిచయం చేసి, రికార్డరు నొక్కి, "ఈయనకు కాస్త చెవుడు. గట్టిగా మాట్లాడాలి సుమా" అని చెప్పి అద్దం అవతలి గదిలోకి వెళ్లిపోయింది.

డార్లీన్ ముఖం పాలిపోయింది.

ఒక్క క్షణం ఆలోచించింది. పెద్ద అక్షరాల ప్రశ్నల కాగితం ఆయనవైపు తిప్పి, మొదటి ప్రశ్న మీద వేలు పెట్టింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిన రోజు గురించి చెప్పండి, అని ఉంది అందులో.

ఎమిల్ కళ్లజోడు సర్దుకుని చదివాడు. "బాగానే జరిగిందమ్మా" అన్నాడు. అంతే.

డార్లీన్ తల ఊపింది. పది సెకన్లు గడిచాయి. ఇరవై గడిచాయి. అద్దం వెనక ఇంగ్రిడ్ ఊపిరి బిగబట్టింది. ఇదివరకటి డార్లీన్ అయితే ఈపాటికి మూడు సలహాలూ ఒక వంటకమూ చెప్పేసి ఉండేది.

"అంటే... మరీ అంత బాగా ఏం కాదులే" అన్నాడు ఎమిల్.

ఇక మొదలైంది. ఆ రోజు నర్సు అరగంట సేపు మందుల గురించి చెప్పిందట. ఆ అరగంటా ఆయన చెవి మిషను చొక్కా జేబులో ఉందట. ఆవిడ అంత శ్రద్ధగా చెబుతుంటే ఆపబుద్ధి కాక అన్నిటికీ తల ఊపాడట. ఇంటికెళ్లాక పొద్దున ఎర్రవి, రాత్రి తెల్లవి అని తనే నిర్ణయించేసుకున్నాడట. వారం తర్వాత కూతురొచ్చి చూసి నెత్తి బాదుకుందట.

డార్లీన్ కుర్చీలోంచి సగం లేచింది. నోరు తెరిచింది. మూసింది. మళ్లీ కూర్చుని రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

ఎంత నిగ్రహం, అనుకుంది ఇంగ్రిడ్. ఆవిడ కళ్లు చెమర్చాయి.

"అర్థం కాలేదని చెబితే మతి పోయిందనుకుని వృద్ధాశ్రమంలో పడేస్తారేమోనని భయం వేసింది తల్లీ" అన్నాడు ఎమిల్. "ఈ మాట మా అమ్మాయికి కూడా చెప్పలేదు."

డార్లీన్ ఆయన చెయ్యి పట్టుకుంది. యాభై నిమిషాలు అలాగే విన్నది. ఆస్పత్రి మనిషి ఒకరు తనను మధ్యలో ఆపకుండా వినడం ఇదే మొదటిసారని చెప్పి, ఆయన టోపీ పెట్టుకుని హుషారుగా వెళ్లిపోయాడు.

లెక్క తేలగానే ఇంగ్రిడ్ వరండాలోకి పరిగెత్తుకొచ్చింది. ఎమిల్ మాటలు నాలుగు వేల పైచిలుకు. డార్లీన్‌వి సున్నా. మోనిక్ అప్పటికే డోనట్ల పెట్టె పట్టుకుని గంతులేస్తోంది. ఇంగ్రిడ్ వయసు కూడా మరిచిపోయి డార్లీన్‌ను పట్టుకుని గిర్రున తిప్పేసింది.

"ముప్ఫై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, నాకే ఇది చేతకాలేదు. ఎలా చేశావే? ఎల్లుండి మొదటి ఏడాది పిల్లలకు ఈ రహస్యం మీద గంట ఉపన్యాసం నువ్వే ఇవ్వాలి."

డార్లీన్ కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వుతూ, జేబులోంచి నలిగిన ఆ పొద్దుటి చీటీ తీసి ఇచ్చింది, దాని మీద ఇలా ఉంది: "ప్రొఫెసర్ గారూ, నిన్న రింకులో అరిచి అరిచి నా గొంతు పూర్తిగా పోయింది, ఒక్క ముక్క పైకి రావడం లేదు, దయచేసి ఇంటర్వ్యూ వచ్చే వారానికి వాయిదా వేయండి."