తూర్పు గుమ్మం

కాకినాడ తీరంలో ఇళ్లన్నీ తేలే ఇళ్లయ్యాక ఉప్పెనకు చావులు తగ్గాయి గానీ, సత్యవేణికి కొత్త పీడ పట్టుకుంది. నీరొచ్చిన ప్రతిసారీ ఇల్లు పైకి లేచి, గిరగిరా తిరిగి, నీరు తీశాక దానికి తోచిన దిక్కుకు కూర్చుంటుంది. ఈసారి గుమ్మం దక్షిణానికి పడింది. అత్త మంగమ్మ మెట్టు దగ్గరే కూర్చుని లోపలికి రానంది.

"పక్కింటి వీర్రాజుని చూడు. నీరు తీయగానే నాలుగు మూలలా గొలుసులేసి బిగించేడు. ఇక ఆడి గుమ్మం తూర్పు తప్పదు."

"గొలుసులేత్తే ఇల్లెలా లెగుద్దత్తా?"

చెప్పీ చెప్పీ సత్యవేణికి విసుగెత్తింది. వీర్రాజుకూ చెప్పింది. "నీకు వాస్తు తెలీదులేమ్మా" అని నవ్వేశాడతను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ సైరన్ మోగింది. అందరి ఇళ్లూ లేస్తుంటే వీళ్లది ఒక పక్కకు ఒరిగింది. చూస్తే ఆ మూలన కొత్త మోకు కట్టి ఉంది. అత్త తల దించుకుంది. సత్యవేణి నడుంలోతు నీళ్లలో దిగి, నోటికొచ్చినట్టు తిడుతూ కత్తితో మోకు కోసింది. ఇల్లు లేచింది.

నీరు తీశాక గుమ్మం మళ్లీ దక్షిణానికే పడింది. మంగమ్మ మెట్టు దాటి లోపలికి నడిచింది.

వీర్రాజు ఇంటి కప్పు మీద నాచు వేలాడుతోంది. గుమ్మం మాత్రం తూర్పుకే ఉంది. సత్యవేణి ఆ తలుపు దబదబా బాదింది.

"చెప్పేను కదా బాబాయ్."

లోపల్నుంచి ఎవరూ పలకలేదు.