లోపలి రాయి

“రాయి లోపలికెల్లి గోడకు ఆనించి పట్టు బిడ్డా, నేను బయటికెల్లి కొడ్త. మీ అమ్మ ఊకె గిట్ల పట్టుకుంటుండె, గంతే,” అన్నాడు కుమ్మరి ఆశన్న.

భార్య తిప్పమ్మ పోయి నెలయింది. గోలెమంటే పెద్ద మట్టి తొట్టి; దానికి ఒక్కరి చేతులు చాలవని కూతురు మంజుల, ఇంకా కాల్చని పచ్చి గోలెంలోకి రాయి పట్టుకుని చెయ్యి దించింది.

ఆశన్న చెక్కతో కొట్టాడు. గోడ సొట్టపోయింది. సరిచేసి మళ్లీ కొట్టాడు. ఈసారి చినిగింది.

“ఏడ చూస్తున్నవు? నేను కొట్టేకాడ రాయి ఉండొద్దా?”

“నువ్వేడ కొడ్తవో నాకేం ఎరుక నాయినా? అమ్మకు ముందుగాల చెప్తుంటివా?”

“ఎన్నడు చెప్పలె...”

ఆశన్న చెక్క దించి, చినిగిన చోటును వేలితో తడిమాడు.

తిప్పమ్మ రాయి ఆనించిన చోట గోడ చిన్నగా ఉబ్బేది. ముప్పై ఏళ్లూ అతని చెక్క ఆ ఉబ్బు మీదే పడింది. గోపాల్‌పేట అంతా ‘ఆశన్న గోలేలు’ అంటుంటే, అతను నవ్వి మీసం దువ్వుకున్నాడు.

“ఇగో, నాతోని కాదు,” అంటూ మంజుల రాయిని అతని చేతిలో పెట్టింది.

పెళ్లయినప్పటి నుంచి అతను దాన్ని ముట్టింది లేదు. తిప్పమ్మ వేళ్లకు అరిగి రాయి మీద గుంటలు పడ్డాయి.

ఆశన్న వేళ్లు వాటిలో పట్టలేదు.