నూట పది వోల్టుల మిషన్

ఆయా ప్లగ్గు పెట్టింది. లోపల టప్‌మని ఏదో పేలింది.

కంటి ఆసుపత్రి గదంతా కాలిన వాసన.

దూరదేశపు ఆసుపత్రి ఒకటి తమకు పాతదైపోయిందని పంపిన లేజర్ మిషన్ అది. అక్కడి కరెంటు నూట పది వోల్టులు, ఇక్కడిది రెండు వందల ముప్పై. ఆ సంగతి మిషన్ వెనక చిన్న అక్షరాలతో రాసే ఉంది. ఎవరూ చూడలేదు.

షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నవాళ్ళకు లేజరే దిక్కు. ఆరేళ్ళ కిందట పాత మిషన్ మూలపడింది. అప్పటినుంచి వచ్చినవాళ్ళను వచ్చినట్టే, పేరూ నంబరూ రిజిస్టరులో రాసుకుని, సిస్టర్ తిప్పి పంపుతోంది.

కొత్తగా వచ్చిందీ ఇలా కాలి కూర్చుంది. కంపెనీవాళ్ళు తూకానికి అమ్మేసుకోమన్నారు. డాక్టరుకు మనసొప్పలేదు. నలుగురినీ అడిగి, ఎవరో చెప్పిన మెకానిక్‌కు ఫోన్ చేశారు.

మర్నాడు పొద్దున్నే అతను వచ్చాడు. భుజాన తోలుసంచి, పక్కన భార్య.

అతను మూత విప్పుతుంటే ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. స్క్రూడ్రైవరంటే స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరంటే కటింగ్ ప్లయరు, సంచిలోకి తొంగిచూడకుండానే తీసి అందిస్తోంది.

ఒకరి పనికి ఇద్దరెందుకని సిస్టర్ విసుక్కుంది. పని చేసేచోట కాపురం పెట్టారని ఆయా చెవిన వేసింది.

ఆ మిషన్‌లోని పెద్ద కెపాసిటర్, ప్లగ్గు పీకేశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు దాచుకుంటుందట. అతను రెండు తీగలతో దానికొక బల్బు తగిలించాడు. బల్బు భగ్గున వెలిగి, మెల్లగా నీరసించింది.

"ఆరిందా?" అని అడిగింది భార్య.

"ఆరింది."

ఆ మాట అయ్యాకే అతను లోపల చెయ్యి పెట్టాడు. ఆన్ చేసి పరీక్షించిన ప్రతిసారీ అదే వరస. బల్బు ఎదుటే కూర్చుని మళ్ళీ అడగడమేమిటో అని సిస్టర్‌కు నవ్వొచ్చింది.

ట్రాన్స్‌ఫార్మర్‌లో నూట పదేసి వోల్టుల చుట్లు రెండున్నాయి. పక్కపక్కన కలిసి ఉన్న వాటిని అతను విడదీసి, ఒకదాని కొసకు రెండోదాని మొదలు కలిపాడు. ఇప్పుడు వచ్చే కరెంటును రెండూ చెరిసగం పంచుకుంటాయి, ఏ ఒక్కదానికీ బరువు కాదు అని డాక్టరుకు చెప్పాడు. కాలిన డయోడ్లు మార్చాడు. ఫ్యానుకు విడిగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాడు.

రెండో రోజు సిస్టర్ మందుల ట్రాలీ తోసుకొస్తుంటే ఆవిడ కాళ్ళు అడ్డం వచ్చాయి.

"దారిలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఎలాగమ్మా? కళ్ళు కనబడ్డం లేదా?"

అతని చేతిలో పని ఆగిపోయింది. భార్య అతని భుజం తడిమి పట్టుకుని, మెల్లగా నొక్కింది.

"పొరపాటేనమ్మా, వెళ్ళండి," అంటూ కాళ్ళు ముడుచుకుంది.

సాయంత్రానికి మిషన్ పలికింది. తెల్లకాగితం మీద ఆకుపచ్చ చుక్క వచ్చి నిలిచింది. డాక్టరు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. అతను వంగి భార్య చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ ముఖం విప్పారింది.

వెళ్ళేముందు అతను ఒక్కటే కోరాడు. మిషన్ మళ్ళీ ఎప్పుడు మొరాయించినా జనాన్ని తిప్పి పంపకుండా తనకొక ఫోన్ చెయ్యమన్నాడు. ఎంత దూరమైనా వస్తానన్నాడు.

ఆ వారమే డాక్టరు పాత రిజిస్టరు తీయించి, ఇన్నేళ్ళుగా వెనక్కి వెళ్ళినవాళ్ళందరినీ పిలవమన్నారు. రాసిందంతా సిస్టరే. ఇప్పుడు ఫోన్లు చెయ్యడమూ ఆమె వంతే అయింది. కొందరు రేపే వస్తామన్నారు. కొన్ని నంబర్లు మోగనే లేదు.

మొదటి పేజీలో చిట్టచివర ఒకావిడ పేరుంది. ఆ నంబరుకు మగమనిషి పలికాడు.

మిషన్ బాగైందనీ, మీ ఇంటావిడను వెంటనే తీసుకురమ్మనీ, ఇంకా ఆలస్యం చేస్తే చూపుకే ముప్పనీ సిస్టర్ గడగడా చెప్పేసింది.

అవతలి మనిషి అంతా విని ఒక్కటే అడిగాడు.

"చుక్క నిలకడగా ఉంటోందా సిస్టర్?"

అది ఆ మెకానిక్ గొంతేనని ఆమె పోల్చుకుంది. ఉంటోందని చెప్పింది. తర్వాత, మీ ఆవిడ అని ఏదో మొదలుపెట్టి ఆగిపోయింది.

"మేం వెనక్కెళ్ళిన ఏడే ఆవిడకు చూపు పూర్తిగా పోయిందమ్మా," అన్నాడతను, తనే ఆమెను ఓదారుస్తున్నట్టు. "అప్పటిదాకా నాకు కుట్టుమిషన్ మోటార్లే తెలుసు. ఇంకెవరూ అలా వెనక్కి పోకూడదు, లేజర్లు బాగుచెయ్యడం నేర్చుకోమని పట్టుబట్టింది ఆవిడే."